సీసా కట్టే ముందు గూడు చూడండి

ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటు బాల్కనీలోకి తొంగిచూసినా ఇదే తంతు. కూల్‌డ్రింకు సీసా మెడ కోసి, తలకిందులు చేసి, మళ్ళీ అదే సీసాలోకి దూర్చి, అడుగున బెల్లం నీళ్ళు పోసి, తీగతో గ్రిల్లుకి వేలాడదీస్తారు. కందిరీగల ఉచ్చు అట. దానికి మూరెడు దూరంలో, ఏసీ పెట్టె కింద, కందిరీగలు నిశ్చింతగా గూడు పెంచుకుంటూ ఉంటాయి. సీసాలోకి చూస్తే గండుచీమలు, పండ్ల మీద ముసిరే సన్న ఈగలు, వాటి మధ్య నాలుగు తేనెటీగల శవాలు. కందిరీగ ఒక్కటీ ఉండదు. వారం తిరక్కుండా ఆ నీళ్ళు కుళ్ళి కంపు కొడతాయి. అప్పుడు స్ప్రే డబ్బా వస్తుంది.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఉచ్చులు మేమూ పెట్టాం. అయితే ఏ ఈగకి, ఎక్కడ, ఏ రోజుల్లో పెట్టాలో తెలుసుకుని పెట్టాం. ఇప్పటివాళ్ళకి ఉచ్చు చేయడం వచ్చింది, ఈగని చూడటం పోయింది. నా గోలంతా దాని గురించే.

మాది అనకాపల్లి దగ్గర చెరుకు పండే ఊరు. తాటి దూలాలు, పెంకుల కప్పు, చుట్టూ పెరడు. అలాంటి ఇంట్లో కందిరీగ అన్నది లేకుండా ఉండాలని ఎవరూ కోరుకోలేదు. పిల్లలకి కాళ్ళు వచ్చినప్పటి నుంచీ పెద్దవాళ్ళు వాటి గురించి చెప్పేవారు. కందిరీగలన్నీ ఒకటి కాదన్నది మొదటి పాఠం. చూరు కింద కాగితం గూడు కట్టేది ఒకటి. గోడకి మట్టి గూడు మెత్తేది ఇంకొకటి. చెట్టు కొమ్మకి గంపంత గూడు కట్టేవీ, గోడ కన్నాల్లో, నేల బొరియల్లో కాపురం పెట్టేవీ పెద్ద కందిరీగలు. మొదటిదాన్ని కదపకపోతే అది మన జోలికి రాదు. రెండోది చేత్తో నలిపితే తప్ప కుట్టదు. మూడోవాటి దరిదాపులకి పెద్దవాళ్ళే పోరు, పిల్లలు అసలు పోకూడదు. ఈ మూడు ముక్కలు తెలిస్తే ఇంటికి సగం భయం తీరిపోయినట్టే. ఇప్పుడు పసుపుగానో ఎర్రగానో ఏది ఎగురుతూ కనబడినా అందరికీ ఒకటే కేక, అన్నిటికీ ఒకటే మందు.

చూరు కింద గూడు ఎలా పుడుతుందో ఓపిగ్గా చూసినవాళ్ళు ఎందరున్నారు? ఎండకి ఎండి, వానకి నాని బూడిదరంగు తిరిగిన పాత తలుపు మీదో, వెదురు దడి మీదో ఈగ వాలుతుంది. తల వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ దవడలతో చెక్కని గీకుతుంది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక దగ్గరగా నిలబడితే ఆ గీకుడు చప్పుడు చెవికి అందుతుంది. గీకిన చోట సన్నటి తెల్లని చార మిగులుతుంది. ఆ పొట్టుని నోట్లోనే తడిపి, నమిలి, ముద్ద చేసి, గూటి అంచుకి అద్ది, పల్చగా సాగదీస్తుంది. ఆరితే అదే కాగితం. పూర్తయిన గూడు తలకిందులుగా వేలాడే తామరకాయలా ఉంటుంది. దాన్నంతటినీ చూరుకి పట్టి ఉంచేది ఒకే ఒక్క సన్నటి కాడ. ఆ కాడ నల్లగా నిగనిగలాడుతుంది. చీమలకి గిట్టని పదార్థం ఒకటి ఈగ ఒంట్లోనే తయారవుతుంది. తన పొట్టని ఆ కాడకి రుద్ది దాన్ని పూస్తుంది. గూట్లోని పిల్లల కోసం వచ్చే చీమ అక్కడ ఆగిపోతుంది.

దక్షిణాదిలో విరివిగా కనబడే ఇలాంటి కందిరీగ ఒకటుంది. దాని శాస్త్రీయ నామం రోపాలిడియా మార్జినాటా. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్ గారు, ఆయన శిష్యులు దశాబ్దాల పాటు ఆ గూళ్ళ ముందే కూర్చున్నారు. ఒక్కో ఈగకి రంగు చుక్క పెట్టి, ఏది ఎప్పుడు ఏం చేసిందో రాసుకున్నారు. ఆ గూట్లో రాణి ఎవరినీ కొట్టదు, తిట్టదు, సాధువుగా ఉంటుంది. రాణిని తీసేస్తే మాత్రం పనిచేసే ఈగల్లో ఒకటి హఠాత్తుగా రెచ్చిపోతుంది, కొన్నాళ్ళకి అదే కొత్త రాణి అవుతుంది. ఈ సంగతులు ప్రపంచానికి చెప్పిన శాస్త్రం మన ఇళ్ళ చూర్ల కింద నుంచి వచ్చింది. మనం మాత్రం చీపురు తిరగేసి ఆ చూరు దులిపేస్తున్నాం.

ఆ గూట్లో ఉన్న పిల్లలు ఏం తింటాయో తెలిస్తే ఆ చీపురు అంత తొందరగా లేవదు. వంగ మొక్క మీద, క్యాబేజీ మీద, బంతి మీద పాకే గొంగళి పురుగుల్ని పట్టి, నమిలి, ముద్దలు చేసి పనిచేసే ఈగలు పిల్లలకి పెడతాయి. గూడు ఎదిగే కొద్దీ ఆ తిండి అవసరం పెరుగుతుంది. మా పెరట్లో వంగ, బెండ, చిక్కుడు ఎన్ని ఏళ్ళు వేసినా ఇంటి వాడకానికి మందు కొట్టిన జ్ఞాపకం లేదు. పురుగు ఉండేది, పురుగుని తినేవీ ఉండేవి. ఇప్పుడు మిద్దె మీద ఇరవై కుండీలు పెట్టుకుని, వాటి పక్కనే గోడకున్న గూడు రాల్చేసి, పదో రోజున ఆకుల నిండా చిల్లులని బాధపడి, మందుల షాపుకి పరిగెడుతున్నారు. పురుగుల్ని ఏరి పెట్టే కాపలాదారుని తరిమేసింది తామేనని ఒక్కరికీ తట్టదు.

మట్టి గూడు సంగతి ఇంకా అన్యాయం. వేదాంతం చెప్పేవాళ్ళు మా ఊళ్ళో భ్రమర కీటక న్యాయం గురించి తరచూ చెప్పేవారు. తుమ్మెద ఒక పురుగుని తెచ్చి గూట్లో పెట్టి దాని చుట్టూ ఝుంకారం చేస్తుంటే, ఆ పురుగు తుమ్మెదనే ధ్యానించి ధ్యానించి చివరికి తుమ్మెదగా మారిపోతుందని, జీవుడు దేవుణ్ణి అలా ధ్యానించాలని దాని తాత్పర్యం. ఉపమానం మాట ఎలా ఉన్నా, ఆ మాట పుట్టించినవాళ్ళు కందిరీగ గూటిని కళ్ళు పెట్టి చూశారన్నది నిజం. పురుగు లోపలికి పోవడం చూశారు, ఈగ బయటికి రావడం చూశారు. నడుమ జరిగేది మాత్రం వేరు.

వాన వెలిసి రాలి పడిన అలాంటి గూడు ఒకటి చేతిలోకి తీసుకుని విప్పి చూడండి. వేలి కొసంత మట్టి కుండ, దానికి చిన్న మూతి. లోపల ఆకుపచ్చటి సన్న గొంగళ్ళు వరసగా కుక్కి ఉంటాయి. చచ్చినవి కావు, తాకితే కొద్దిగా కదులుతాయి. తల్లి వాటిని కుట్టి పడేసింది, కదలలేని స్థితిలో అవి కుళ్ళకుండా ఉంటాయి. పై కప్పు నుంచి సన్నని దారం, దాని చివర గుడ్డు. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఆ తాజా తిండి తిని పెరిగి, మట్టి గోడ కొరుక్కుని ఈగై ఎగిరిపోతుంది. గొట్టాల్లా పొడుగ్గా మట్టి మెత్తే ఇంకో రకం గొంగళ్ళకి బదులు సాలెపురుగుల్ని నింపుతుంది. ఈ రెండు రకాల్లోనూ ఆడది ఒంటరిగా పని చేసుకుంటుంది. కాపాడుకోవాల్సిన మంద లేదు, కాబట్టి మీద పడి కుట్టదు. ఇంతటి నిరపాయమైన ప్రాణికి ఇప్పుడు డబ్బులిచ్చి మనుషుల్ని పిలిపించి మందు కొట్టిస్తున్నారు. పుస్తకాల బీరువా వెనక మట్టి కనబడితే పిల్లలకి చూపించాల్సింది పోయి, తలుపులేసుకుని కూర్చుంటున్నారు.

ఇక ఉచ్చు మాటకి వద్దాం. ఉచ్చు ఎందుకు పుట్టిందో మా ఊరి గానుగ దగ్గర నిలబడితే తెలిసేది. గానుగ ఆడే రోజుల్లో చెరుకు రసం పెనంలో తెర్లుతుంటే, పైకి తేలిన తెట్టు తీసి ఒక పక్కన పోసేవారు. పిప్పి గుట్ట, తెట్టు గుంట, ఆరబెట్టిన బెల్లం దిమ్మలు. వాటి మీదికి పెద్ద కందిరీగలు మూగేవి. ఒళ్ళంతా ఎరుపు కలిసిన గోధుమ రంగు, పొట్ట మీద పసుపు పట్టీ. అవే చేపల బజార్లో ముక్కల మీద వాలతాయి, తేనెపెట్టెల ముందు కాపు కాసి తేనెటీగల్ని ఎత్తుకుపోతాయి. చెరుకు రసం బండి దగ్గరా, మిఠాయి కొట్టు జిలేబీ పళ్ళెం మీదా వాలేవాటిలో ఇవీ ఉంటాయి. ఉచ్చు పెట్టాల్సిన ఈగ ఏదైనా ఉంటే అది ఇదే.

దానికి ఉచ్చు ఎలా పెట్టాలో మాకు ఏ సీసా నేర్పలేదు. తాటిచెట్టు మీద కల్లు లొట్టి నేర్పింది. తెల్లవారి గీత కార్మికుడు లొట్టి దింపితే అందులో తేనెటీగలు, కందిరీగలు తేలుతూ ఉండేవి, గుడ్డలో వడకట్టి పోసేవాడు. సన్నటి మూతి, లోపల పులిసిన తీపి. వాసనకి దిగినది గోడ జారుడుకి పైకి రాలేదు. అది చూసే మా పెద్దవాళ్ళు గానుగ కాలంలో మూతి సన్నగా ఉన్న పాత కుండల్లో పులిసిన తెట్టు నీళ్ళు పోసి, గానుగకి ఎడంగా, పొలం గట్టు మీది చింతకొమ్మకి కట్టేవారు. మనుషులు పనిచేసే చోటికి ఈగలు రాకుండా అటు మళ్ళించడం దాని ఉద్దేశం. గానుగ ఆగగానే కుండ దింపి, బోర్లించి, పూడ్చేసేవారు. ఏడాది పొడుగునా కట్టి ఉంచాలన్న ఆలోచన ఎవరికీ లేదు.

ఇప్పుడు చేస్తున్నదేమిటి? కూర్చుని కాఫీ తాగే కుర్చీ నెత్తిన కట్టడం. ఈగ రాకూడదనుకున్న చోటికే దాన్ని తీపి వాసన పెట్టి పిలవడం. మా పక్క ఫ్లాటు అబ్బాయి తేనె కలిపి కట్టాడు. “తేనె అయితే బాగా వస్తాయి కదా బాబాయ్ గారూ” అన్నాడు. “వస్తాయి నాయనా, వచ్చేవి తేనెటీగలు” అన్నాను. మునగ పూతకి, కాకర పూతకి తిరగాల్సిన తేనెటీగల్ని ముంచి చంపి, కాయ నిలబడటం లేదని మళ్ళీ బాధ.

పెట్టక తప్పదనుకుంటే సరిగ్గా పెట్టండి. లీటరు సీసా తీసుకుని పైనుంచి మూడో వంతు దగ్గర కోయండి. మూత తీసేసి, ఆ పై ముక్కని గరాటులా తిరగేసి అడుగు ముక్కలో బిగించండి. అంచు చుట్టూ సందు లేకుండా టేపు వేయండి. సందు ఉంటే లోపలికి పోయింది బయటికీ వస్తుంది. లోపల నాలుగు వేళ్ళ ఎత్తు బెల్లం నీళ్ళు, మగ్గిపోయిన అరటిపండు ముక్క, రెండు చెంచాల వెనిగర్. పులుపు వాసన తేనెటీగల్ని దూరంగా ఉంచుతుంది, కందిరీగకి అడ్డం కాదు. తేనె మాత్రం చుక్క కూడా కలపొద్దు. చివర్లో గిన్నెలు తోమే సబ్బునీళ్ళు రెండు చుక్కలు వేయండి. సబ్బు కలిస్తే నీటి మీది పొర బిగువు సడలుతుంది, వాలిన ఈగ తేలకుండా మునుగుతుంది. సబ్బు లేకపోతే తేలి, ఈది, గోడ పట్టుకుని ఎక్కుతుంది. తేనెటీగల భయం అసలే వద్దనుకుంటే తీపి మానేసి చేప ముక్కో కోడి ముక్కో నీటికి పైన దారంతో వేలాడదీయండి. తేనెటీగ మాంసం ముట్టదు. అయితే ముక్క తాజాగా ఉండాలి. ఎండినా, కుళ్ళినా కందిరీగ తిరిగి చూడదు.

మనుషులు మసిలే చోటికి ఆరేడు మీటర్లు ఎడంగా, నీడలో, పిల్లల చేతికి అందకుండా కట్టండి. గూటి పక్కన కట్టొద్దు, అక్కడ మీరు తచ్చాడితే గూడు రేగుతుంది. మూడు నాలుగు రోజులకోసారి, ఈగలు తిరగని రాత్రి పూట, సీసాని బకెట్టు సబ్బునీళ్ళలో పూర్తిగా ముంచి, లోపల ఏదీ కదలడం లేదని చూసుకున్నాకే విప్పండి. కట్టి మర్చిపోయిన సీసా దోమలకి నిలయం.

ఇంత చేసినా ఒక సంగతి ఒప్పుకోవాలి. తిండి కోసం బయటికొచ్చిన ఈగలే ఉచ్చులో పడతాయి. గూట్లో రాణి ఉంటుంది, పిల్లలు ఉంటాయి, రేపటికి కొత్తవి పుడతాయి. పైగా చూరు కింది కాగితం గూటి ఈగలు తీపి నీళ్ళకి పెద్దగా ఆశపడవు, అవి తిరిగేది పురుగుల వేటకి. మట్టి గూటి ఈగ సీసా మొహమే చూడదు. అంటే బాల్కనీలో ఏ గూడు చూసి భయపడి సీసా కడుతున్నారో ఆ గూటికి ఆ సీసా ఎందుకూ పనికిరాదు.

మరి ఈ సీసా పిచ్చి ఎక్కడ నుంచి పట్టుకుంది? ఫోన్లో చూసిన చల్లటి దేశాల వీడియోల నుంచి. అక్కడ దానికి అర్థం ఉంది. అమెరికాలో మావాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెరట్లో బల్ల వేసి నలుగురూ భోజనానికి కూర్చుంటే చాలు, పసుపూ నలుపూ చారల ఈగలు పళ్ళేల మీదికి దిగుతాయి. వాటిని అక్కడ ఎల్లోజాకెట్లు అంటారు. ఎక్కువగా నేల బొరియల్లో, గోడల్లో గూడు పెడతాయి. అవి వేసవి మొదట్లో పిల్లలకి పెట్టడానికి పురుగుల్ని, మాంసాన్ని వెతుక్కుంటాయి. తెచ్చిపెట్టినందుకు పిల్లలు నోటి నుంచి తియ్యటి రసం ఇస్తాయి, పెద్దవి అది తాగుతాయి. వేసవి చివరికి గూట్లో పిల్లలు తగ్గిపోతాయి, ఆ రసం దొరకదు. అప్పుడు తీపి కోసం మనుషుల బల్లల మీద పడతాయి. అందుకే అక్కడ ఎర కూడా కాలాన్ని బట్టి మారుస్తారు. చలి ముదిరితే గూడు మొత్తం చచ్చిపోతుంది, గర్భం ధరించిన రాణులు మాత్రం ఎక్కడో దాక్కుని వసంతంలో బయటికొస్తాయి. ఆ రాణులు కొత్త గూడు మొదలుపెట్టే రోజుల్లోనే ఉచ్చు పెట్టేవాళ్ళున్నారు. మన చూరు కింది గూళ్ళకి అలాంటి చలి లేదు, ఏడాదంతా నడుస్తాయి. అక్కడి ఈగ, అక్కడి కాలం, అక్కడి ఎర తెలిసి పెట్టిన ఉచ్చుని ఇక్కడికి దించుకుంటే ఎలా పనిచేస్తుంది?

గూడే ప్రమాదంగా ఉంటే తీయక తప్పదు. గుమ్మం నెత్తిన, మెట్ల రెయిలింగు కింద, కరెంటు మీటరు పెట్టెలో, పసిపిల్లలు ఆడే చోట. మా ఊళ్ళో దానికి పద్ధతి ఉండేది. పొద్దు గూకి ఈగలన్నీ గూటికి చేరాక, నిండా బట్టలు కట్టుకుని, తలకి కంబళి చుట్టుకుని, పచ్చి వేపాకు వేసిన పొగ కింద నుంచి పట్టేవారు. ఈగలు మెత్తబడ్డాక గూటిని కాడ దగ్గర తెంపేవారు. కాడని కూడా గీకి, ఆ చోట సున్నం రాసేవారు. పిల్లల్ని ఇంట్లో పెట్టి తలుపు వేసేవారు. ఇప్పుడు మిట్ట మధ్యాహ్నం, సగం ఈగలు బయట తిరుగుతుండగా, పొట్టి చేతుల చొక్కా వేసుకున్న వాచ్‌మన్ చేతికి స్ప్రే ఇచ్చి నిచ్చెన ఎక్కిస్తున్నారు. నిచ్చెన మీదున్నవాడికి పరిగెత్తే దారి ఉండదు. కందిరీగ ముల్లుకి తేనెటీగ ముల్లుకున్నట్టు పెద్ద కొక్కేలు ఉండవు, ఒకే ఈగ మళ్ళీ మళ్ళీ కుడుతుంది. గూటి దగ్గర ఒకదాన్ని నలిపితే దాని విషం వాసనకి మిగతావి లేస్తాయి. నెలజీతానికి పనిచేసే మనిషిని ఆ ప్రమాదంలోకి తోయడం తప్పు. చెట్టు మీద గంపంత గూడైతే ఆ పని తెలిసినవాళ్ళని, సరంజామా ఉన్నవాళ్ళని పిలవండి.

పాతదంతా మేలని నేను అనను. కొన్ని ఊళ్ళలో కిరసనాయిలు కాగడాలతో గూళ్ళు కాల్చేవారు, తాటాకు కప్పులున్న చోట అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. గమాక్సిన్ పొడిని మూలమూలా చల్లేవారు. ఆ పొడిలో ఉండే బీహెచ్‌సీ అనే మందుని 1997లో మన దేశంలో నిషేధించారు, మంచి పని చేశారు. కుట్టిన చోట సున్నం రాసి, ఇనుప ముక్క రుద్ది ఊరుకోవడం కూడా అప్పటి అలవాటే. ఈ విషయంలో ఇప్పటి వైద్యమే గొప్పది. ఒక్క కాటుకి చల్లటి నీళ్ళు, ఐసు గుడ్డ చాలు. కానీ ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ ప్రాణం నిలుపుతుంది. గుంపుగా కుట్టినప్పుడు, ముఖ్యంగా పిల్లల్ని కుట్టినప్పుడు, బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచొద్దు. ఆ విషం తర్వాత మూత్రపిండాలని దెబ్బతీయగలదు.

పండు పాడవుతోందని కందిరీగల మీద పగబట్టినవాళ్ళకి ఒక మాట. జామకాయ కోస్తే లోపల తెల్ల పురుగులు, మామిడిపండు లోపల కుళ్ళు, బీరకాయ వంకర తిరిగి పసుపు పడటం, ఇవన్నీ పండు ఈగ పనులు. అది కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. కందిరీగ చాలావరకు అప్పటికే చితికిన పండు మీదికి వస్తుంది. నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి. పండు ఈగకి వేరే ఉచ్చు ఉంది. మామిడి, జామలకి మిథైల్ యూజినాల్, బీర, కాకర, దోసలకి క్యూల్యూర్ అనే ఎరలు మందుల షాపుల్లోనే దొరుకుతాయి. మగ ఈగలు వాటికి వచ్చి పడతాయి, ఆడవాటికి జోడు తగ్గుతుంది. వీటికి తోడు రాలిన పండుని ఏ రోజుకారోజు ఏరి లోతుగా పూడ్చాలి. మా పెరట్లో పొద్దున్నే జామచెట్టు కింద ఏరడం పిల్లల పని, ఏరాకే చద్దన్నం. రాలిన పండు లేని పెరట్లో పండు ఈగ పెరగదు, కందిరీగ మూగదు. ఈ పనికి డబ్బు ఖర్చు లేదు, అందుకే ఇప్పుడు ఎవరి కంటికీ ఆనడం లేదు.

ఇంకో అన్యాయం చూడండి. పొలంలో రైతు కందిరీగల్ని డబ్బిచ్చి కొంటున్నాడు. చెరుకు పరిశోధన కోసం అనకాపల్లిలో 1913లో పెట్టిన కేంద్రం ఉన్న ప్రాంతం మాది. చెరుకులో పీకపురుగుకి ట్రైకోగ్రామా కార్డులు కట్టమని అధికారులు చెప్పడం అక్కడి రైతులందరికీ తెలుసు. ఒక్కో కార్డు మీద సుమారు 20 వేల గుడ్లు, వాటి లోపల కంటికి ఆనీ ఆననంత చిన్న కందిరీగ పిల్లలు. అవి బయటికొచ్చి పీకపురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. పురుగు పుట్టకముందే పోతుంది. బొప్పాయి సంగతి ఇంకా పెద్దది. 2008లో కోయంబత్తూరులో బయటపడిన కొత్త పిండినల్లి బొప్పాయి తోటల్ని, మల్బరీని, టేకుని కూడా పీల్చి పడేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి చిన్న కందిరీగల్ని తెప్పించి వదిలితే అవి దాన్ని అదుపు చేశాయి. వాటిలో ముఖ్యమైనది అసెరోఫేగస్ పపాయే. దేశం సముద్రాలు దాటించి కందిరీగని తెచ్చుకుంటోంది, పట్నంవాడు కిటికీ మీదున్నదాన్ని చంపుకుంటున్నాడు.

కాబట్టి నేను అడిగేది కొంచెమే. గూడు కనబడగానే చేతిలో ఉన్నది కింద పెట్టి నాలుగు నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. మట్టి గూడా, కాగితం గూడా, గంపంత గూడా? మనుషులు నడిచే దారిలో ఉందా, ఓ మూలన ఉందా? ఈగలు తీపి కోసం వస్తున్నాయా, పురుగుల కోసం తిరుగుతున్నాయా? మట్టిదైతే వదిలేయండి. మూలనున్న కాగితం గూడైతే దాని దారికి అడ్డం వెళ్ళకుండా వదిలేయండి. దారిలో ఉంటే తెలిసినవాళ్ళ చేత తీయించండి. తీపి మీద మూగే పెద్ద కందిరీగలైతే ముందు ఆ తీపి ఎక్కడుందో చూసి మూత పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే ఉచ్చు కట్టండి.

నా వయసు వాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. ఈ తరానికి ఏమీ తెలియదని కూర్చుని తిట్టుకుంటే లాభం లేదు. వాళ్ళకి చూరు లేదు, పెరడు లేదు, గానుగ లేదు. చెప్పే మనిషి పక్కనే ఉన్నా నోరు విప్పకపోతే వాళ్ళకి ఎలా తెలుస్తుంది? మనవడో మనవరాలో కందిరీగని చూసి కెవ్వుమన్నప్పుడు చేయి పట్టుకుని, రెండు బారల దూరంలో నిలబెట్టి, అది నోట కరుచుకొచ్చిన ముద్ద ఏమిటో, దాన్ని ఎవరికి పెడుతోందో చూపించండి. మన పెద్దవాళ్ళు మనకి చేసింది అదే. మనం చేయకపోతే ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు.